చిట్టియ్య పడవ చప్పుడు

పోతురాజు చేతికి రెండు కొబ్బరి చిప్పలు ఇస్తే గుర్రం వచ్చేది. పీట మీద కొడితే రాజవీధిలో గుర్రం, తడి ఇసుక తట్టలో కొడితే ఏటి ఒడ్డున గుర్రం. చేటలో చోళ్ళు పోసి ఒక పక్కకి వాలిస్తే వాన. ఎండుతాటాకు గుప్పిట్లో నలిపితే ఇల్లంటుకున్న మంట. చెరకుముక్క విరిస్తే విల్లు విరిగేది. వెంకటరాజుగారి నాటకాల కంపెనీలో పక్కతెర వెనకాల నాలుగు మూరల చోటు ఆయనది. తక్కినవాళ్ళంతా వేషాలు మార్చుకుంటూ ఉంటే ఆయన ఆ చోట్లో చొక్కా కూడా లేకుండా కూర్చుని గాలీ వానా యుద్ధమూ నడిపించేవాడు.

ఆయన దగ్గర సత్తియ్య చేరి రెండేళ్ళయింది. మొదట పెట్టెలు మోయడానికి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, గౌతమి ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళ బిడ్డ. మాట తక్కువ. ఒకసారి రామచంద్రపురంలో పోతురాజుకి జ్వరం తగిలి లేవలేకపోతే, ఎవరూ చెప్పకుండానే చేట అందుకుని వాన కురిపించాడు. ఆట అయ్యాక పోతురాజు పడుకున్న చోటి నుంచే అడిగాడు.

"వాన వెలిసేటప్పుడు గింజలు ఒకటీ అరా వదిలింది ఎవడ్రా?"

"నేనే మావా."

"ఎవడు చెప్పాడు నీకు?"

"చూరు మీంచి అలాగే గదా పడతాయి."

ఆ మర్నాటి నుంచి సత్తియ్య పెట్టెలు మోయలేదు.

పోతురాజు నేర్పే పద్ధతి వేరు. ఇది ఇలా పట్టుకో, అది అలా కొట్టు అని చెప్పడు. పొద్దున్నే కాలవగట్టున కళ్ళు మూయించి కూర్చోబెడతాడు. "ఏం విన్నావు?" అంటాడు. "చాకలి బట్టలు ఉతుకుతున్నాడు మావా" అంటే ఒప్పుకోడు. "ఎన్ని బట్టలు? పంచా, దుప్పటా? బండ ఎండ తగిలిందా, నీడలో ఉందా?" అంటాడు. సత్తియ్యకి ఈ చదువు కష్టమనిపించలేదు. ఏటి మీద బతికినవాళ్ళకి కంటికన్నా చెవే ముందు నడుస్తుంది.

రాజమండ్రి దగ్గర గోదారి మీద రైలు నడవడం మొదలైన మూడో ఏడు వేసంగిలో వెంకటరాజుగారు కంపెనీ వాళ్ళందరినీ పిలిచి, కోటిపల్లి దిగువన రేవుపేటలో మూడు ఆటలు కుదిరాయని చెప్పారు. సత్తియ్య తల వంచుకున్నాడు. రేవుపేట అతని ఊరే.

"పోతురాజూ, నీకో మాట చెప్పాలయ్యా," అన్నారు రాజుగారు. "మన నాటకంలో రాజు రాజ్యం పోగొట్టుకుని పడవెక్కి ఏరు దాటే రంగం ఉంది చూడు. కోరుకొండలో నువ్వు గంగాళంలో నీళ్ళు కదిపి అదే పడవంటే జనం సరేనన్నారు. అక్కడ కొండ తప్ప ఏరు లేదు. రేవుపేటలో కూర్చునేవాళ్ళంతా పడవలవాళ్ళు. నవ్వారంటే మన రాజుగారి ఏడుపు కూడా నవ్వులోకి పోతుంది."

"మా సత్తియ్య ఉన్నాడు గదండి. వాడు పడవలోనే పుట్టాడు," అన్నాడు పోతురాజు.

సత్తియ్యకి ఏ చప్పుడు చెయ్యాలో అప్పుడే తెలుసు. ఏడేళ్ళుగా అతని చెవిలో ఉన్నది ఒక్క పడవే.

అది అన్న చిట్టియ్య పడవ. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడి చిట్టియ్య కుడిభుజం ఒకసారి జారింది. అందుకని తెడ్డు ఒక లాగు పొడుగ్గా లాగి, అరగుక్క ఆగి, రెండో లాగు పొట్టిగా లాగేవాడు. పడవ అంచున కొయ్యమేకుకి తెడ్డును కట్టే పీచుతాడు కూడా అలాగే మూలిగేది. పొడుగ్గా ఒక మూలుగు, అరగుక్క, పొట్టిగా ఒక మూలుగు. ఏడేళ్ళ కిందట, సత్తియ్య కాలికి ముల్లు దిగి చీము పట్టి ఇంట్లో పడున్న రోజున, చిట్టియ్య ఒక్కడూ ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్ళాడు. మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. మనిషీ రాలేదు, పడవా రాలేదు, ఒక చెక్కముక్కయినా ఒడ్డుకి కొట్టుకురాలేదు. కాలు మానాక సత్తియ్య ఏట్లోకి దిగలేకపోయాడు. ఊరు వదిలేశాడు.

ఈ మధ్య అన్న ముఖం సరిగా గుర్తుకు రావడం లేదు. మీసం గుర్తుంది, ముఖం మసకగా ఉంది. ఇక ఆ చప్పుడు కూడా పోతే మిగిలేదేమీ లేదని అతనికి భయం. చేత్తో ఒక్కసారి దాన్ని బయటికి తెచ్చి వింటే చాలు అనుకున్నాడు.

రాజుగారే ఒకసారి చెప్పారు. కాకినాడలో ఎవరో దొర దగ్గర ఒక గొట్టంపెట్టె ఉందట. దాని ఎదట మాట్లాడితే మైనం మీద మాట గీసుకుపోతుంది, తర్వాత అదే మాట మళ్ళీ మనకి వినిపిస్తుంది. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఎప్పుడూ ఏమీ అడగని సత్తియ్య ఆ రోజు అడిగాడు.

"ఎప్పుడో వినిపించి పోయిన చప్పుడు పట్టుకుంటుందాండి?"

"దాని ఎదట చేస్తేనే పట్టుకుంటుందయ్యా. పోయిందాన్ని ఎక్కడ పట్టుకుంటుంది?" అన్నారు రాజుగారు.

సత్తియ్య టేకుమేకు ఒకటి చెక్కాడు. దాన్ని మందపు చెక్కకి దిగేసి, కొత్త పీచుతాడు రెండు రోజులు ఉప్పునీళ్ళలో నానబెట్టి బిగించి, తెడ్డుముక్క కట్టాడు. పక్కన గంగాళం నిండా నీళ్ళు. రేవుపేటకి నాలుగు రోజులుందనగా, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు పోతురాజుని కూర్చోబెట్టి లాగి చూపించాడు.

మేకు గట్టిగా మూలిగింది. అరగుక్క ఆగింది. మళ్ళీ మూలిగింది. ఇది అదే.

పోతురాజు కళ్ళు తెరవకుండా వక్క నములుతూ ఉన్నాడు.

"ఎవడిదిరా ఈ పడవ?"

"మా అన్నది."

"బాగుంది. కానీ పనికిరాదు."

"ఏం మావా?"

"నువ్వు పడవలో కూర్చుని విన్నావు. మేకు నీ చెవి పక్కన ఉండేది. ఆట చూసేవాడు ఒడ్డున కూర్చుంటాడు. వాడికి పడవ దూరం నుంచి రావాలి. ఇది వాడి నెత్తి మీదే ఉంది." పోతురాజు వక్క ఉమ్మేసి లేచాడు. "మీ అన్న పడవని ఒడ్డు మీంచి ఎప్పుడైనా విన్నావా?"

సత్తియ్య ఆలోచించాడు. ఒక్కసారి కూడా వినలేదు. పదేళ్ళప్పటి నుంచి అన్నతో పాటు పడవలోనే ఉన్నాడు. పడవలో ఉన్నవాడు తన పడవ ఒడ్డుకి ఎలా వినిపిస్తుందో ఎన్నడూ ఎరగడు. అది తెలిసేది ఆడవాళ్ళకి. రేవుపేటలో పొద్దువాలే వేళకి ఆడవాళ్ళు వాకిళ్ళలో పని చేసుకుంటూనే చెవి ఏటి మీద వేసి ఉంచుతారు. మలుపు దగ్గర తెడ్డు మూలగ్గానే ఎవరి పడవో ఎవరికి వాళ్ళకి తెలిసిపోతుంది. తమ పడవ చప్పుడు వినగానే లేచి పొయ్యి మీద ఎసరు పెడతారు. మగవాడు పడవ కట్టి, వల ఆరేసి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నం ఉడికి ఉంటుంది. ఒకరి పడవకి ఇంకొకరు ఎసరు పెట్టడం ఆ ఊళ్ళో ఎన్నడూ జరగలేదు.

చిట్టియ్య పడవ ఒడ్డు మీంచి ఎలా వినిపించేదో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. వదిన వీరవేణి. ఏడేళ్ళలో వాళ్ళిద్దరూ చిట్టియ్య పేరు ఎత్తలేదు.

కంపెనీ కంటే ఒక రోజు ముందు సత్తియ్య రేవుపేట వెళ్ళాడు. మధ్యాహ్నం ఎండలో వదిన వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులకి గాజులున్నాయి. కబురు తెలిసేదాకా తీసేది లేదని అప్పట్లోనే కులపెద్దలకి చెప్పింది. వాళ్ళూ ఊరుకున్నారు.

"వచ్చావా సత్తియ్యా. చిక్కిపోయావు," అంది. "కాళ్ళు కడుక్కో. చద్దన్నం ఉంది."

పక్కింటి ముసలి తలుపులమ్మ తడిక మీంచి తొంగిచూసింది.

"ఒరేయ్ సత్తిగా, నీకు కొబ్బరి చిప్పలు కొట్టుకునే ఉద్యోగమంట గదా."

"అవును పిన్నీ."

"చిప్పలోది తిని కొడతావా, తినకుండా కొడతావా?"

"తినే కొడతాను."

"అయితే మంచి ఉద్యోగమే. మా బుల్లియ్యగాణ్ణి కూడా చేర్పించు. వాడు తినడం బాగా చేస్తాడు."

వీరవేణి నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళి చద్దన్నంలో ఉల్లిపాయ ముక్క వేసి తెచ్చింది. తింటూ సత్తియ్య పొయ్యి వైపు చూశాడు. పొయ్యి చల్లగా, శుభ్రంగా అలికి ఉంది. వదిన పొద్దున ఒక్క పూటే వండుతుంది. సాయంత్రం పొయ్యి వెలిగించడం మానేసి ఏడేళ్ళయిందని తలుపులమ్మ ఎప్పుడో కబురు చెప్పింది. ఏ చప్పుడుకి వెలిగించాలి?

అడగాలని వచ్చాడు. వదినా, అన్న పడవ మలుపు తిరిగేటప్పుడు ఎలా ఉండేది? మాట గొంతులో తయారుగానే ఉంది. అన్నం అయిపోయింది, నీళ్ళు తాగాడు, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"రేపు ఆటకి రా వదినా," అన్నాడు.

"నేను ఎక్కడికీ రానయ్యా," అంది ఆమె, చేపలు తిరగేస్తూ.

పొద్దువాలాక సత్తియ్య రేవు దగ్గర కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒడ్డు మీంచి పడవలు విన్నాడు. చెవి పక్కన మూలిగే మేకు ఇంత దూరంలో సన్నని దారప్పోగులా ఉంది. ముందు తెడ్డు నీళ్ళలో పడడం మెత్తగా వినిపిస్తోంది, మూలుగు దాని వెనక వస్తోంది. గాలి అటు తిరిగినప్పుడు మూలుగు మాయమై నీళ్ళు ఒక్కటే మిగులుతున్నాయి. ఒక పడవ మలుపు తిరిగింది. పేటలో ఎక్కడో పొయ్యి పొగ లేచింది. ఇంకో పడవ, ఇంకో పొగ. పోతురాజు మావ అన్న మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు కంపెనీ దిగగానే అతను మేకుని గంపలో పెట్టి, గంప మీద తడిపిన గోనె కప్పి, దాన్ని జనం వైపు కాకుండా ఏటి వైపు తిప్పాడు. లాగి చూశాడు. మూలుగు సన్నబడి ఎక్కడి నుంచో వచ్చినట్టు వచ్చింది. పోతురాజు ఇరవై అడుగుల దూరం వెళ్ళి విని, వెనక్కి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇవాళ మా అన్న పడవ వద్దు మావా," అన్నాడు సత్తియ్య. "ఊళ్ళో అందరూ ఎరుగుదురు. ఉత్త పడవ చేస్తాను."

"నీ ఇష్టంరా."

దీపాలు పెట్టగానే ఆట మొదలైంది. ఊరంతా వచ్చింది. తెర చిల్లులోంచి చూసిన సత్తియ్యకి ఆడవాళ్ళ వరసలో తలుపులమ్మ పక్కన వీరవేణి కనిపించింది. ముసలమ్మే రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఉంటుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరి ఇంటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుంది.

రాజ్యం పోయిన రాజు రాణి చెయ్యి పట్టుకుని రంగం మధ్యకి వచ్చాడు. అట్టపడవలో ఎక్కాడు. సత్తియ్య గంగాళంలో తెడ్డు ముంచి, గంపలో తాడు లాగాడు. సమానంగా ఒకటి, సమానంగా ఇంకొకటి. నిదానంగా, తప్పు లేకుండా.

ముందు వరసలో బుల్లియ్య గొంతు లేచింది.

"ఎవడి పడవరా ఇది?"

"ఎవడిదీ కాదు. సర్కారు పడవ," అన్నాడు ఇంకొకడు.

"మనిషి లేకుండానే వచ్చేస్తోంది. తెడ్డు పట్టినవాడికి ఊరూ పేరూ లేవు."

నవ్వులు పాకాయి. రంగం మీద రాజు వేషగాడు పద్యం అందుకోబోయి ఆగాడు. అటు పక్కతెరలోంచి వెంకటరాజుగారు కళ్ళెర్రజేసి చూస్తున్నారు. సత్తియ్య చెవులు వేడెక్కాయి. నిజమే, అలాంటి పడవ ఏ ఏట్లోనూ ఉండదు. తెడ్డు పట్టిన ప్రతివాడికీ ఒక భుజం ఉంటుంది, ఒక వంకర ఉంటుంది. అతను ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే తాడుని పొడుగ్గా లాగింది. అరగుక్క ఆగింది. పొట్టిగా లాగింది.

రెండోసారికి నవ్వులు తగ్గాయి. మూడోసారికి పూర్తిగా ఆగిపోయాయి. బుల్లియ్య తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజు వేషగాడు ఈ నిశ్శబ్దం తన గొప్పే అనుకుని గొంతెత్తి పద్యం పాడాడు. ఆ పద్యం కింద చిట్టియ్య పడవ, గాలికి ఒక మూలుగు పోగొట్టుకుంటూ, మలుపు తిరిగి వస్తోంది.

చిల్లులోంచి సత్తియ్య చూశాడు. వీరవేణి లేచి నిలబడింది. కంగారు లేదు, ఏడుపు లేదు. కొంగు నడుముకి దోపుకుంది. ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని, ఏటి వైపు ఒక్కసారి కూడా చూడకుండా, ఇంటి వైపు నడిచింది. ఆలస్యమైనవాళ్ళు నడిచే నడక అది.

ఆమె ఎందుకు వెళ్తోందో సత్తియ్యకి తెలుసు. అక్కడ కూర్చున్న ఆ ఊరి ఆడవాళ్ళందరికీ తెలుసు. తాడు వదిలెయ్యాలనిపించింది. కానీ పడవ ఏటి మధ్యలో ఉంది, పద్యం ఇంకా రెండు పాదాలుంది. ఆపడానికి లేదు. లాగుతూనే ఉన్నాడు.

పద్యం అయింది. వెనక వరసల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఏమీ ఎరగనివాళ్ళు, చప్పట్లు కొట్టి "వన్స్‌మోర్" అన్నారు. వేషగాడు మురిసిపోయి మళ్ళీ పడవెక్కాడు.

పోతురాజు అతని ముఖం చూసి తాడు కోసం చెయ్యి చాపాడు. "ఇటియ్యరా, నేను లాగుతాను."

సత్తియ్య తల అడ్డంగా తిప్పాడు. అన్న పడవని మరో చేతికి ఇవ్వలేకపోయాడు. మలుపు దగ్గర నుంచి మళ్ళీ లాక్కొచ్చాడు. ఈసారి ముందు వరసల్లో ఎవరూ కదల్లేదు. అట్టపడవ ఒడ్డు తగలగానే తాడు వదిలేసి, చొక్కా కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

ఇంటి చూరులోంచి పొగ వస్తోంది.

పొయ్యి ముందు వీరవేణి కూర్చుని ఉంది. ఎసరు మరిగి, బియ్యం పడి, కుండ మీద మూత కదులుతోంది. గోడవార పీట వేసి ఉంది, పీట మీద ఇంకా పరవని ఆకు. సత్తియ్య గడప దగ్గర ఆగిపోయాడు.

"వదినా. అది నేను. గంపలో తాడు..."

"తెలుసు," అంది ఆమె మంట సర్దుతూ. "ముందు నుంచే తెలుసు. పడవ ఏటి మీద లేదు, తెర వెనకాల ఉంది. నాకు ఆ మాత్రం తెలియదా?"

"మరి ఎందుకు లేచొచ్చావు?"

ఆమె కుండ మీద మూత తీసి గరిటెతో ఒకసారి కలిపింది.

"కాళ్ళు ఊరుకోలేదయ్యా. ఆ చప్పుడు విని కూర్చోవడం నాకు చాతకాదు. ఎలా కూర్చోను? ఏడేళ్ళయింది సాయంత్రం ఎసరు పెట్టి. ఒక్క పూట పెట్టాను. ఎవరి పడవకీ పెట్టలేదు గదా, మన పడవకేగా."

సత్తియ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఊరి చివర్నుంచి ఆట హార్మోనీ లీలగా వినిపిస్తోంది.

"బాగుందా?" అన్నాడు చివరికి. పోతురాజుని ఎన్నోసార్లు అడిగిన మాటే.

"బాగుంది. మలుపు దగ్గర అచ్చం అదే. గాలికి ఒక మూలుగు పోయినట్టు చేశావు చూడు, అది కూడా." ఆమె గరిటె తిప్పడం ఆపింది. "కానీ పడవ ఒడ్డుకి రాలేదు."

"వచ్చింది గదా వదినా. ఒడ్డు తగిలించాను."

"ఒడ్డు తగిలాక ఇంకొకటి ఉంది. మీ అన్న తెడ్డు కట్టు విప్పి అడుగుచెక్కల మీద పడేసేవాడు. అది వింటేగాని నేను ఆకు వేసేదాన్ని కాదు. నువ్వు ఎప్పుడూ వినలేదు. పడవ తగలకముందే నువ్వు నీళ్ళలోకి దూకి మోకు పట్టుకుని లాగుతూ ఉండేవాడివి."

నిజమే. నీళ్ళ చప్పుడూ, మోకు ఒరుసుకోవడమూ తప్ప అతనికి ఇంకేమీ గుర్తు లేదు.

"ఎలా ఉండేది?" అన్నాడు. ఏడేళ్ళుగా అడగని మాట అడిగేశాడు.

వీరవేణి చుట్టూ చూసింది. గరిటె అందుకుని పక్కన పెట్టేసింది, అది తేలిక. మూలనున్న రోకలి చూసి కాదనుకుంది. చివరికి పొయ్యి దగ్గరున్న సరుగుడు కట్టె చేతిలోకి తీసుకుని, బరువు చూసుకుంది. ఆకు జరిపి, పీట దగ్గరికి లాక్కుంది. ఆ పీట చిట్టియ్య పాతపడవ చెక్కతో చేసిందే.

"ముందు కొస తగిలేది," అంది. "తర్వాత తక్కినదంతా. తొందరగా కాదు. అలిసిపోయినవాడు పడేసినట్టు."

కట్టె కొసని పీటకి తాకించి వదిలేసింది. టక్కుమని ఒక దెబ్బ. ఒక్క క్షణం ఆగి, మిగతా కట్టె పొడుగునా బరువుగా వాలిన చప్పుడు.

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు.